ఆగిన రోజూ ప్రయాణమే

2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడిన మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. రాష్ట్రం రెండుగా విడిపోవడానికి 8 రోజుల ముందు తెలుగువాళ్లంతా కలిసి మురిసిపోయిన సంగతి అది.

పిల్లలు శిఖరం ఎక్కారన్నది మనకు గుర్తుంది. ఆ యాత్ర 52 రోజులు పట్టిందన్నది అంతగా గుర్తులేదు. అన్ని రోజులూ ఎక్కుతూనే ఉన్నారా? ఆ కొండను ఎవరూ అలా ఎక్కరు. పై శిబిరం దాకా వెళ్తారు, మళ్లీ కిందికి దిగివచ్చి నిద్రపోతారు. కొన్ని రోజులు గుడారంలోనే కూర్చుని నీళ్లు తాగుతూ, కాసేపు అటూ ఇటూ తిరుగుతూ గడిపేస్తారు. చూసేవాళ్లకు అది సోమరితనంలాగే ఉంటుంది.

కారణం గాలిలో ఉంది. సముద్రమట్టానికి కాస్త ఎగువన ఉండే బెజవాడలోనో, దివిసీమలోనో పీల్చే గాలికి మన ఒళ్లు అలవాటుపడి ఉంది. 5,500 మీటర్ల ఎత్తుకు వెళితే గాలి పీడనం ఇక్కడి దానిలో సగమే. మొదట ఊపిరి, గుండె వేగం పెంచి నెట్టుకొస్తాయి. రక్తంలో మారిన పాళ్లను మూత్రపిండాలు సరిచేయడానికి రోజులు కావాలి. కొత్త ఎర్రకణాలు తగినన్ని పుట్టడానికైతే వారాలే పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఒకరోజు ఆగిపోవాలని వైద్యులు చెబుతారు. కండబలం ఉన్నవాడికీ మినహాయింపు లేదు. తొందరపడితే తలనొప్పితో, వాంతులతో మొదలై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. తలనొప్పి ఉన్నవాడు అది తగ్గేదాకా పైకి కదలకూడదన్నది అక్కడి నియమం.

డెల్టా రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. నారుమడి నుంచి పీకి నాటిన వరి మొదట వాడిపోతుంది, పచ్చదనం తగ్గుతుంది. మూన తిరిగేదాకా పొలంలో పలుచగా నీరుంచి ఓపిక పడతాడు. మొక్క ఎదగడం లేదని ఎవడూ దాన్ని పట్టుకుని పైకి లాగడు.

సీనాయి కొండ సంగతి చూడండి. దేవుడు మోషేను కొండ మీదికి రమ్మని పిలిచాడు. మోషే వెళ్లాడు. ఆ తర్వాత ఆరు రోజులు మేఘం కొండను కమ్మి ఉంది. ఏడవ రోజున గాని మేఘంలోనుంచి పిలుపు రాలేదు (నిర్గమ 24:16). ఆ ఆరు రోజులు మోషే ఏం చేశాడో గ్రంథం చెప్పదు. సీనాయి అని సంప్రదాయం చూపే జెబెల్ మూసా 2,285 మీటర్లే కాబట్టి గాలి చాలక ఆగాడని మనం కల్పించనక్కర్లేదు. పిలిచినవాడే ఆపాడు, అంతే. ఎనభై దాటిన మనిషిని దేవుడు తొందరపెట్టలేదు.

ఇక నాలుగో ఆజ్ఞ. దాన్ని మనం ఆదివారం మందిరానికి రావడం వరకే కుదించేశాం. ఆ ఆజ్ఞలో యజమాని తర్వాత వెంటనే వచ్చేది కొడుకు, కూతురు. ఆ పైన పనివాళ్లు, పశువులు, ఇంట ఉన్న పరదేశి (నిర్గమ 20:10). తాను విశ్రమించి పిల్లల విశ్రాంతిని అమ్ముకున్న తండ్రి ఆ ఆజ్ఞను సగమే పాటించినట్టు.

అమ్ముకోవడం అన్న మాట కటువుగానే ఉంది. కానీ గుడివాడ నుంచి, అవనిగడ్డ నుంచి, ఊరి బడి చదువు ముగించిన పదిహేనేళ్ల పిల్లలను తెచ్చి విజయవాడ హాస్టళ్లలో ఇంటర్మీడియట్‌కు దింపి వెళ్తున్నది మన సంఘాలవాళ్లు కూడా. తెల్లవారుజామున లేపితే రాత్రి పది దాకా స్టడీ అవర్లు. చాలాచోట్ల ఆదివారం కూడా పరీక్షే. ఇల్లు వదిలి వచ్చిన ఆ మొదటి వారాలు ఆ పిల్లలకు కొత్త ఎత్తు. మూన తిరగకముందే మార్కుల జాబితా గోడకెక్కుతుంది. ఫోన్లో "అమ్మా, తలనొప్పిగా ఉంది" అంటే "నాలుగు రోజులైతే సర్దుకుంటుందిలే, చదువుకో" అంటాం. అలా సర్దుకోలేకపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం.

ఫలితాల కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టించే మనం, పరీక్షకు ముందు పెన్నులకు ప్రార్థన చేయించే మనం, ఆ ఆదివారపు పరీక్ష గురించి యాజమాన్యాన్ని ఒక్కమాట అడగం. అడిగితే పిల్లవాడు వెనకబడతాడని భయం. పధ్నాలుగేళ్లు నిండని పిల్లను ఎవరెస్ట్ ఎక్కించినవాళ్లకు కూడా ఆ భయం ఉండే ఉంటుంది. అయినా ఆ కొండ అడిగినన్ని రోజులు ఇచ్చారు.

వచ్చే ఏడాది చేర్పించడానికి వెళ్లినప్పుడు ఫీజు ఎంత, కిందటేడు ర్యాంకులెన్ని అని ఎలాగూ అడుగుతాం. ఆదివారం పిల్లలు ఏం చేస్తారని కూడా అడగాలి. జవాబు చెప్పడానికి ఇష్టపడకపోతే మరో చోటు చూసుకోవచ్చు. విజయవాడలో కాలేజీలకేం కొదవ?