ఇంటింటి యంత్రం: చిన్న కారు, మూడు సిలిండర్లు

కిందటి సంచికలో మిక్సీ మోటారు గురించి చదివి, "కారు ఇంజను గురించి కూడా నాలుగు మాటలు రాయండి" అని కొందరు అడిగారు. ఇంతలో హోసూరు నుంచి మా అక్క కొడుకు ఫోను చేశాడు.

"మామా, పాత మారుతి 800 ఒకటి అమ్మకానికి వచ్చింది. అమ్మను గుడికీ, ఆస్పత్రికీ తీసుకుపోవడానికి చాలు. ఇంజనును నమ్మొచ్చా?"

వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను. ఇది జి.డి. నాయుడు గారి ఊరు. కోయంబత్తూరులో ఎవరిని కదిపినా మోటార్ల గురించి ఒక మాట చెబుతారు. నేను చెప్పడంలో వింతేముంది!

ఈ బండి 1983 డిసెంబరులో వచ్చింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. మధ్యలో పాతిక లక్షలకు పైగా రోడ్డెక్కాయి. మన ఇళ్ళలో చాలామందికి మొదటి కారు ఇదే.

"796 సీసీ" అంటే ఏమిటో చూద్దాం. సిలిండరు లోపలి వెడల్పు 68.5 మిల్లీమీటర్లు. అందులో పిస్టను పైకీ కిందికీ నడిచే దూరం 72 మిల్లీమీటర్లు. ఆ లెక్కన ఒక్కో సిలిండరులో పట్టే చోటు సుమారు 265 ఘన సెంటీమీటర్లు. మూడింటికీ కలిపి 796. కార్బురేటరు ఉన్న రోజుల్లో దీని బలం 37 నుంచి 39 హార్స్‌పవర్. వినడానికి తక్కువే. కానీ బండి బరువు సుమారు 650 కిలోలే. అంబాసిడర్‌కు 1489 సీసీ ఇంజను ఉన్నా, అది మోయాల్సిన బరువు 1100 కిలోలు దాటేది. అందుకే ఇంజను బలాన్ని ఒంటరిగా చూడకూడదు, అది మోసే బరువుతో కలిపి చూడాలి.

బండి నిలబడి ఉండగా ఇంజను కాస్త వణికితే చాలామంది భయపడతారు. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ప్రతి సగం తిరుగుడుకూ ఒక పేలుడు జరుగుతుంది. మూడు సిలిండర్లదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగితే గాని పేలుడు రాదు. తక్కువ వేగంలో ఆ ఎడం మన చేతికి తెలుస్తుంది. అది జబ్బు కాదు, దాని నడక. వణుకు రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు గట్టిపడ్డాయేమో చూపించాలి.

దీనికి నమ్మకమైన ఇంజనని పేరు రావడానికి కారణం సులువే. మూడు పిస్టన్లు, ఆరు వాల్వులు, ఒక క్యామ్ షాఫ్టు. భాగాలు తక్కువ. 800 సీసీ నుంచి అతిగా బలం పిండలేదు. ఏ ఊళ్ళో ఆగినా విప్పి చూడగల మెకానిక్ దొరికేవాడు. 2000 ప్రాంతంలో కార్బురేటరు పోయి ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. చల్లని పొద్దున చోక్ లాగే పని తప్పింది.

అయితే ఎంత మంచి ఇంజనుకైనా ఒక బలహీనత ఉంటుంది. దీనికి అది వేడి. కింది దిమ్మ పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడెక్కితే అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. మామూలు వేడికి మధ్యనున్న గ్యాస్కెట్ తట్టుకుంటుంది. నీళ్ళు తగ్గి వేడి హద్దు దాటితే హెడ్ వంకర పోతుంది, గ్యాస్కెట్ కాలుతుంది.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 1998లో కూనూరులో మా మేనత్తకు బాగాలేదని కబురొచ్చింది. తమ్ముణ్ణి చూడాలని ఒకటే కలవరిస్తోందట. నాయనను ఎక్కించుకుని మధ్యాహ్నమే బయలుదేరాను. ఆ వారమే షెడ్డులో మేస్త్రి రేడియేటరు గొట్టం నొక్కి చూసి, "మెత్తబడింది సామీ, మార్చేద్దాం" అన్నాడు. వంద రూపాయల పని కూడా కాదు. వచ్చే నెల చూద్దాం అన్నాను.

కల్లారు దాటి ఘాటు ఎక్కుతుంటే వేడి చూపే ముల్లు ఎర్రగీతకు పోయింది. నేను చూశాను. "రెండు మలుపులే కదా, బర్లియారులో ఆపుదాం" అనుకున్నాను. రెండో మలుపు దాటకముందే బండి ఆగిపోయింది. చీలిన గొట్టంలోంచి ఆవిరి పొగలు. కిందినుంచి వచ్చే బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. చీకటి పడ్డాక ఒక లారీ ఆయన దయతలచి ఎక్కించుకున్నాడు. మేం చేరేసరికి అత్తకు స్పృహ లేదు. తెల్లవారుజామున వెళ్ళిపోయింది.

నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత షెడ్డులో నేను ఇంజనును తిడుతుంటే మేస్త్రి హెడ్ మీద ఉక్కు స్కేలు ఆనించి, కింద సందు చూపించాడు. "ఇంజను మోసం చెయ్యలేదు సామీ. ముల్లు చెప్పింది, మీరు వినలేదు" అన్నాడు. అది మొదలు ముల్లు కదిలితే బండి ఆపుతాను, ఎవరెంత తొందరపెట్టినా.

ఇక మా వాడికి చెప్పినవి. మీకూ పనికొస్తాయి.

బండి చూడడానికి పొద్దున్నే వెళ్ళండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్టు చేసి పెట్టారన్న మాట. చల్లని ఇంజను ఎలా లేస్తుందో చూడాలి.

పొగ చూడండి. నీలంగా ఉంటే ఆయిలు కాలుతోంది. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లపొగ ఇంజను వేడెక్కాక కూడా ఆగకపోతే సిలిండరులోకి నీళ్ళు చేరుతున్నాయేమోనని అనుమానించాలి.

ఆయిలు పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. మీగడలాంటి జిగురు ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిసి ఉండొచ్చు, మెకానిక్ చూడకుండా డబ్బు ఇవ్వకండి. రేడియేటరు మూత మాత్రం ఇంజను పూర్తిగా చల్లారాకే తీయాలి.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్చలేదనే అనుకుని కొత్తది వేయించండి. నీటి గొట్టాలతోపాటు పెట్రోలు గొట్టాలు కూడా మార్పించండి. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు, నాటి రబ్బరును దానికోసం చేయలేదు. చివరిగా తయారైన బళ్ళకు కూడా పదేళ్ళు దాటాయి కనుక రిజిస్ట్రేషన్ గడువు చూడడం మరవకండి. పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ పరీక్ష చేయించి పొడిగించుకోవాలి.

మా వాడు మొదటి బండి దగ్గరికి వెళ్ళి బానెట్ వెచ్చగా ఉందని తిరిగొచ్చాడు. రెండోది నచ్చింది. "మామా, ఆదివారం అమ్మను ఎక్కించుకుని మీ ఇంటికి వస్తున్నా" అన్నాడు.

"గొట్టాలు మార్చావా?" అని అడిగాను.

"వచ్చే నెల..." అన్నాడు.

"అయితే వచ్చే నెలే రా నాయనా" అన్నాను.

వచ్చే సంచికలో ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ గురించి.