ఏ టీం మియా నీది?

ఫుట్‌బాల్ నా మతం అని నేనెప్పుడూ అనలేదు. అనను కూడా. నా మతం ఇస్లాం. ఫుట్‌బాల్ నా పిచ్చి. ఈ రెంటికీ తేడా తెలియని వాళ్ళే ఈ దేశంలో నా విధేయతకు పరీక్ష పెడుతున్నారు. ఈ మాటలు వాళ్ళ కోసం. వాళ్ళను చూసీ చూడనట్టు ఊరుకునే నా సెక్యులర్ మిత్రుల కోసం. మా వాళ్ళతో అనాల్సిందీ కొంత ఉంది, అదీ అంటాను.

ఉస్మానియా క్యాంపస్‌లో నాకొక పాత దోస్తు ఉన్నాడు. నాస్తికుడు. అర్జెంటీనా ఓడిపోతే ఆ రాత్రి అన్నం ముట్టడు. "మనకు ఫుట్‌బాలే మతం భాయ్" అంటాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్న వాళ్ళంతా నవ్వుతారు. అదే మాట నేనన్నాననుకోండి. సెక్యులర్ దోస్తులు "ఇన్నాళ్ళకు బయటపడ్డావు" అని భుజం తడతారు. తార్నాకలో మా మసీదు పెద్దాయన "తౌబా, తౌబా" అంటాడు. వాడంటే సరదా మాట. నేనంటే వాంగ్మూలం. తన మతం మీద తాను జోకు వేసుకునే తీరిక మెజారిటీ వాడికి ఉంది. మాకు ఆ తీరిక ఎవరిచ్చారు?

"ఏ టీం నీది?" అనేదీ ఇట్లాంటిదే. పిల్లలు గల్లీలో ఒకరినొకరు అడిగే ప్రశ్న. ముసల్మాను దగ్గరికి వచ్చేసరికి ఠాణాలో అడిగే ప్రశ్న అవుతుంది. 1999 జూన్ 8. కార్గిల్ యుద్ధం నడుస్తోంది. మాంచెస్టర్‌లో ప్రపంచకప్ మ్యాచ్, ఇండియా - పాకిస్తాన్. నేను బి.ఏ. చదివే రోజులు. తార్నాకలో ఒక హోటల్ టీవీ ముందు యాభై మందిమి నిలబడి చూస్తున్నాం. పాకిస్తాన్ వికెట్ పడిన ప్రతిసారీ కొన్ని కళ్ళు టీవీ వదిలేసి నా మొహం మీదికి వచ్చేవి. నేను చప్పట్లు కొడుతున్నానా, ఎంత గట్టిగా కొడుతున్నాను, వెంటనే కొట్టానా, ఆలోచించి కొట్టానా? ఆ రోజు ఇండియా కెప్టెన్ ఎవరు? అజారుద్దీన్. మా హైదరాబాదీ. 59 పరుగులు చేశాడు. మైదానంలో మనవాడు కెప్టెన్, హోటల్లో మనవాడు అనుమానితుడు. ఇంగ్లండ్‌లో టెబిట్ అనే నాయకుడు 1990లో వలస వచ్చిన వాళ్ళకు క్రికెట్ పరీక్ష పెట్టాలన్నాడు. మేము వలస రాలేదు. అయినా మాకు సిలబస్ అదే.

నేను క్రికెట్ మనిషిని కాను. మా అబ్బా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. ఫుట్‌బాల్ మనిషి. ఆయన పుణ్యాన మా ఇంటి క్లబ్బు ఈస్ట్ బెంగాల్. తార్నాకలో కూర్చుని కలకత్తా క్లబ్బేమిటి అని అడుగుతారు. ఇంకా చిత్రంగా అడిగేవాళ్ళూ ఉన్నారు: "ముసల్మానువి, మహమ్మడన్ స్పోర్టింగ్ కాదా?" ఆ క్లబ్బంటే నాకు గౌరవమే. 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచింది. దొరల టీములను పడగొట్టిన ఆ రోజుల్లో దేశమంతా ముసల్మానులు తలెత్తుకున్నారు. కానీ అబ్బా మనసు హబీబ్ ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడే ఉండిపోయింది.

మహమ్మద్ హబీబ్ గురించి కొంచెం చెప్పాలి. ఈ తరం వాళ్ళకు తెలియదు. 1960ల్లో హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో ఆడాడు. ఈస్ట్ బెంగాల్ అభిమానులెవరు? దేశవిభజనలో ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని, మతకల్లోలాల్లో మనుషులను పోగొట్టుకుని, తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన హిందూ శరణార్థులు. ముసల్మాను పేరు వింటే గాయం రేగాల్సిన వాళ్ళు. వాళ్ళు ఒక హైదరాబాదీ ముసల్మానును "బడే మియా" అని నెత్తిన పెట్టుకున్నారు. అంతకు ముందే, విభజన నెత్తురు ఆరని రోజుల్లోనే, ఆ క్లబ్బు ముందువరస ఐదుగురికి పంచపాండవులని పేరు పెట్టుకున్నారు. ఆ ఐదుగురూ వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పాండవుల్లో ఇద్దరు ముసల్మానులు! ఇవాళ ఎవరైనా ఆ పేరు పెట్టి చూడండి. సాయంత్రానికి మనోభావాలు దెబ్బతిన్నాయని కేసు పెడతారు.

హబీబ్ తరువాత మోహన్ బగాన్‌కూ ఆడాడు, మహమ్మడన్‌కూ ఆడాడు. 1977లో పీలే కాస్మోస్ టీంతో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ చొక్కాలోనే గోల్ వేశాడు. మ్యాచ్ 2-2. క్లబ్బు మారినందుకు అభిమానులు తిట్టుకున్నారో ఏడ్చారో గానీ, మతభ్రష్టుడని ఎవరూ అనలేదు. క్లబ్బు అంతే. మారొచ్చు, అలగొచ్చు, తిరిగి రావచ్చు. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశాడు. దేశం జెండా ఎగరేసుకుంటున్న రోజు.

ఇప్పుడు అసలు సంగతి. క్లబ్బుకు ఎదుటి జట్టు కావాలి. మోహన్ బగాన్ లేకపోతే ఈస్ట్ బెంగాల్ అభిమాని పొద్దున లేచి ఎవరిని తిట్టుకోవాలి? ఎదుటివాడి ఓటమిలో సగం ఆనందం ఉంటుంది క్లబ్బులో. అది తప్పని నేననను, నేనూ ఆ ఆనందం తిన్నవాణ్ణే. కానీ నమాజులో ఎదుటి జట్టు ఎక్కడుంది? సఫ్ కడతాం. భుజానికి భుజం తగిలించి నిలబడతాం. ఎదురుగా కిబ్లా ఉంటుంది, శత్రువు ఉండడు. సలాం తిప్పాక ఎవరు గెలిచారని స్కోరు చూసుకోం. దీన్‌లో నేను పుట్టానన్నది నిజమే. అయినా ఫజర్ అజాన్ వినపడ్డాక దుప్పటి తీయడమా, ముసుగు తన్నడమా అన్నది రోజూ నేనే తేల్చుకోవాలి. దాన్ని గ్యాలరీలో కూర్చుని చేయలేం.

మతాన్ని క్లబ్బుగా మార్చిన వాళ్ళను చూడండి. ఊరేగింపు మసీదు దగ్గరికి రాగానే ఎందుకు ఆగుతుంది? డీజే చప్పుడు సరిగ్గా అక్కడే ఎందుకు పెరుగుతుంది? అందులో భక్తి ఎంత? ఎదుటి టీం గ్యాలరీ ముందుకెళ్ళి తొడగొట్టే అభిమాని పని అది. రాముడికి దానితో పనిలేదు. మా వాళ్ళూ తక్కువ తినలేదు. ఎక్కడో ఎవరో కలిమా చదివారని వీడియో రాగానే, గోల్ పడ్డట్టు గంతులేసి పదిమందికి పంపే కుర్రాళ్ళు మా మొహల్లాలో ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది ఇషా నమాజుకు వస్తారో నాకు తెలుసు. ఉమ్మత్ అంటే వాళ్ళకు ఒక పెద్ద టీం, అంతే. కాకపోతే ఒక తేడా మరచిపోవద్దు. మా కుర్రాడి గంతు ఫోన్లో మొదలై ఫోన్లోనే ముగుస్తుంది. ఆ ఊరేగింపు మా దుకాణాల మీదుగా పోతుంది. రెండింటినీ తక్కెడలో సమానంగా పెట్టి "అన్ని మతోన్మాదాలూ ఒకటే" అని చేతులు దులుపుకోవడం నా సెక్యులర్ మిత్రుల పాత అలవాటు.

క్లబ్బు పిచ్చి కూడా ప్రాణాలు తీస్తుంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్ - మోహన్ బగాన్ మ్యాచ్ గొడవలో 16 మంది చచ్చిపోయారు. కానీ అదే అభిమానులు 2024 ఆగస్టు 18న ఏం చేశారు? ఆర్జీకర్ ఆసుపత్రిలో డాక్టరమ్మను చెరచి చంపినందుకు నిరసనలు నడుస్తున్నాయి. డెర్బీ మ్యాచ్ రద్దు చేశారు. మూడు క్లబ్బుల వాళ్ళు, మహమ్మడన్ వాళ్ళతో సహా, సాల్ట్‌లేక్ స్టేడియం బయట ఒక్కటై నిలబడి లాఠీలు తిన్నారు. జెండా పక్కన పెట్టాల్సిన సమయం అభిమానికి తెలిసింది. మతాన్ని జెండాగా మాత్రమే మోసేవాడికి అది తెలియదు. జెండా పక్కన పెడితే వాడి దగ్గర ఇంకేమీ ఉండదు.

ఇక రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విద్యార్థి, యూనివర్సిటీ టీంలో ఆడినవాడు, బడి పంతులు. ఆయన తీర్చిదిద్దిన జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఆ తరువాత జరిగిన మారణకాండలో చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ లెక్కగట్టింది. ఎక్కువమంది ముసల్మానులే. పోలీస్ అన్న మాట మా ఇళ్ళల్లో ఎట్లా వినపడేదో ఊహించుకోండి. ఆ మాటనే చొక్కా మీద వేసుకుని ముసల్మానులు, క్రైస్తవులు, హిందువులు కలిసిన ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. పోలీస్ యాక్షన్ జరిగిన రెండున్నరేళ్ళకే, 1951 మార్చిలో, రహీం సాబ్ కోచ్‌గా ఇండియా ఢిల్లీలో ఇరాన్‌ను ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆయన కంటపడ్డ కుర్రాడే. ఎవరి దేశభక్తి ఎంత అని ఆయన కొలతలు తీసుకోలేదు. ఎడమకాలితో పాస్ ఇవ్వగలడా లేదా చూశాడు.

1962 సెప్టెంబరు 4, జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వనందుకు అభ్యంతరం చెప్పిన సోంధీ భారతీయుడని స్టేడియమంతా మన మీద మండిపడుతోంది. ఫైనల్లో ఎదురుగా దక్షిణ కొరియా. రహీం సాబ్‌ను అప్పటికే కేన్సర్ తినేస్తోంది. పి.కె. బెనర్జీ ఒకటి, తలకు దెబ్బతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి వేశారు. 2-1. స్వర్ణం. ఆ గ్యాలరీలో మన జట్టు కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళని మనవాళ్ళే తరువాత చెప్పారు. అదే క్రీడల్లో హాకీ ఫైనల్లో మనల్ని ఓడించిన జట్టు అది! ఇప్పుడు చెప్పండి, వాళ్ళ మీద ఏ దేశం ఏ సెక్షన్ పెట్టాలి? 2014లో మీరట్‌లోని ఒక యూనివర్సిటీ, పాకిస్తాన్ గెలిస్తే సంబరపడ్డారని 67 మంది కాశ్మీరీ విద్యార్థులను సస్పెండ్ చేసింది. రాజద్రోహం కేసు పెట్టి తరువాత తీసేశారు. రహీం సాబ్ 1963 జూన్ 11న పోయాడు. ఇది చూసే ఖర్మ ఆయనకు పట్టలేదు.

గోల్ వేస్తేనే మావాడు అనే ప్రేమ మాకు కొత్త కాదు. 2021 అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ పది వికెట్లతో గెలిచింది. బౌలింగ్ చేసిన అందరూ విఫలమయ్యారు. బూతులు మాత్రం ఒక్క షమీకి పడ్డాయి. గెలిస్తే జర్మన్, ఓడితే వలసదారు అవుతున్నానని ఓజిల్ 2018లో జర్మనీ జట్టు వదిలేశాడు. మా సిరాజ్‌ను 2024లో తెలంగాణ పోలీసుల్లో డీఎస్పీని చేశారు. సంతోషం. కానీ వికెట్ తీయని సిరాజ్‌లు, ఆటో నడిపే సిరాజ్‌లు ఈ ఊళ్ళో లక్షమంది ఉన్నారు. వాళ్ళు రోజూ ఏ మ్యాచ్ గెలిచి ఇల్లు అద్దెకు అడగాలి?

ఇంతకీ విధేయత గురించి మాట్లాడే వాళ్ళెవరికీ హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎట్లా పోయిందో పట్టలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచింది. యాభై ఏళ్ళ కరువు తీరిందని నాలాంటి పిచ్చోళ్ళం పసుపు చొక్కాలు కొనుక్కున్నాం. 2025లో యజమానులు క్లబ్బును ఢిల్లీకి తరలించుకుపోయి పేరు మార్చేశారు. ఊరు విడిచిపోయిన వాణ్ణి ద్రోహి అనలేదెవరూ. అది వ్యాపారం. ఏ ఊరికీ పోకుండా నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న వాణ్ణి మాత్రం పాకిస్తాన్ పొమ్మంటారు.

యూనివర్సిటీ గ్రౌండ్‌లో సాయంత్రాలు ఇప్పటికీ కుర్రాళ్ళు ఆడతారు. రియల్ మాడ్రిడ్ చొక్కాలు, అర్జెంటీనా చొక్కాలు. స్పెయిన్‌కు పొమ్మని ఎవరూ అనరు. మొన్న అక్కడే గట్టు మీద కూర్చుని ఉంటే, పొద్దుటి నడకలో రోజూ పలకరించే ఒక పెద్దమనిషి పక్కన చేరి, నవ్వుతూనే అడిగాడు: "ఇండియా, పాకిస్తాన్ ఆడితే నిజం చెప్పు మియా, ఏ టీం నీది?"

"రహీం సాబ్ టీం" అన్నాను.

"ఆయనెవరు?" అన్నాడు.