పచ్చిక పిలుస్తుంటే... తలుపు వేసి ఉంటే!

మనకు వేసవి అంటే ఎండ, ఉక్కపోత, ఆవకాయ. ఇంగ్లండులో గుర్రానికి వేసవి అంటే ఒక్కటే... పచ్చిక! చలికాలమంతా బురదలో మునిగిన మైదానాలు ఏప్రిల్ వచ్చేసరికి లేత గడ్డితో కళకళలాడతాయి. జూన్‌లో అయితే రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గూకదు. ఆఫీసు నుంచి నేరుగా గుర్రం దగ్గరికి వచ్చిన ఒక ఉద్యోగిని ఆ వెలుతురులో చూసే దృశ్యం ఏమిటంటే- ఎదురుగా కనుచూపు మేర పచ్చదనం, ఇటుపక్క శాలలో సగం తలుపు మీంచి తల బయటికి పెట్టి ఆ పచ్చదనాన్నే చూస్తున్న తన గుర్రం. గేటుకి మాత్రం ఒక కాగితం: 'మైదానంలోకి వదిలేది ఉదయం పూట కొన్ని గంటలే'.

డబ్బు కడుతున్నది తను. గుర్రం తనది. మరి అది ఎంతసేపు బయట తిరగాలో నిర్ణయించేది ఎవరు? బ్రిటన్‌లో ఏటా వేసవి రాగానే గుర్రాల యజమానులకూ, వాటికి ఆశ్రయమిచ్చే వాళ్లకూ మధ్య నలిగే ప్రశ్న ఇది. పైకి చిన్న తగాదాలా కనిపిస్తుంది. లోపలికి వెళితే... ఒక మూగజీవి ఆరోగ్యం, ఒక్కోసారి ప్రాణం కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

గుర్రాలకూ హాస్టళ్లు!

గుర్రాన్ని కొనగలిగినవాళ్లందరికీ దాన్ని కట్టేసుకునే చోటు ఉండదు కదా. అలాంటివాళ్ల కోసమే 'లివరీ యార్డు'లు. మన పిల్లల్ని హాస్టల్లో ఉంచినట్టే అక్కడ గుర్రాన్ని నెలకింత అని కట్టి ఉంచుతారు. పూర్వం ప్రభువులు తమ పరివారానికి ఇచ్చే బట్టలూ తిండీ కలిపి 'లివరీ' అనేవారు. గుర్రాలకు కొలిచి ఇచ్చే దాణాకీ ఆ మాటే వాడారు. ప్రభువులు పోయినా పేరు మిగిలింది.

ఇందులోనూ రకాలున్నాయి. 'ఫుల్ లివరీ' అయితే మేత వేయడం, లద్దె ఎత్తడం, బయటికి వదలడం అన్నీ యార్డు వాళ్లే చూసుకుంటారు. 'పార్ట్ లివరీ'లో పనులు చెరి సగం. 'డీఐవై' అంటే చోటు మాత్రమే వాళ్లది, చాకిరీ అంతా యజమానిదే. తెల్లవారుజామున లేచి, లద్దె ఎత్తి, నీళ్లు పెట్టి, ఆ తర్వాత ఆఫీసుకు పరుగెత్తాలి. 'గ్రాస్ లివరీ'లో శాల ఉండదు. గుర్రం రాత్రింబగళ్లు బయటే.

గుర్రాన్ని జీను లేకుండా, కళ్లెం లేకుండా మైదానంలోకి స్వేచ్ఛగా వదలడాన్ని అక్కడ 'టర్నవుట్' అంటారు. రోజుకో గంట స్వారీ చేస్తే అది టర్నవుట్ కిందికి రాదు. స్వారీ మన ఇష్టం. టర్నవుట్ గుర్రం ఇష్టం!

పొట్ట చిన్నది... పని పెద్దది

గుర్రం ఎందుకంత సేపు మేయాలి? జవాబు దాని పొట్టలోనే ఉంది. ఆవుకి నాలుగు గదుల పొట్ట. గబగబా మేసి వచ్చి, తీరిగ్గా నెమరు వేస్తుంది. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. ఐదు వందల కిలోల జంతువుకి జీర్ణాశయం పట్టేది సుమారు 8 నుంచి 15 లీటర్లే. అందుకే కొంచెం కొంచెంగా, రోజంతా మేస్తూనే ఉండాలి. స్వేచ్ఛగా తిరిగే గుర్రాలు రోజులో 14 నుంచి 18 గంటలు మేతలోనే గడుపుతాయి.

ఇంకో చిక్కు. దాని పొట్టలో ఆమ్లం నిరంతరం ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. ఆ ఆమ్లాన్ని విరిచేది లాలాజలం. అది మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. గంటల తరబడి ఖాళీ నోటితో శాలలో నిలబెడితే ఏమవుతుంది? పొట్టలో పుండ్లు. కదలిక లేక పేగులు మందగించి కడుపునొప్పి. గుర్రాలకు కడుపునొప్పి అంటే తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు, ప్రాణాల మీదికి వస్తుంది.

మనసు సంగతి సరేసరి. గుర్రం మంద జంతువు. తోడు లేకుండా నాలుగు గోడల మధ్య ఉంచితే కొన్నిటికి వింత అలవాట్లు పట్టుకుంటాయి. తలుపు అంచుని పళ్లతో పట్టి గాలి మింగడం, నిలబడ్డచోటే ఇటూ అటూ ఊగడం, శాలలో గుండ్రంగా తిరగడం... ఒకప్పుడు వీటిని 'చెడ్డ అలవాట్లు' అని గుర్రాన్నే తిట్టేవారు. జంతువుల నడవడిని చదివినవాళ్లు ఇప్పుడు తప్పు ఉంచిన తీరులో ఉందంటున్నారు. ఫ్రెండ్స్, ఫోరేజ్, ఫ్రీడమ్... తోడు, మేత, స్వేచ్ఛ- ఈ మూడూ గుర్రానికి కనీస అవసరాలని అక్కడి సంక్షేమ సంఘాలు పదేపదే చెబుతాయి.

ఈ మాట కొత్తదీ కాదు. ఆనా స్యూయెల్ 1877లో రాసిన 'బ్లాక్ బ్యూటీ' నవలలో కథ చెప్పేది గుర్రమే. అందులో ఒక అధ్యాయం పేరే 'స్వేచ్ఛ'. మంచి యజమాని, మంచి తిండి, మంచి శాల అన్నీ ఉన్నా దానికి ఉన్న ఒకే ఒక్క కొరత- ఇష్టమొచ్చినట్టు పరుగెత్తే వీలు లేకపోవడం.

అమృతమే... విషం

అలాగైతే తలుపులు తీసేసి, ఇరవై నాలుగు గంటలూ బయటే వదిలేస్తే సరిపోదా? చాలా గుర్రాలకు సరిపోతుంది. కొన్నిటికి మాత్రం అదే ప్రాణాంతకం!

లేత గడ్డిలో చక్కెరలు ఎక్కువ. కొండల్లో, బీడుల్లో అరకొర మేతతో బతకడానికి అలవాటుపడిన షెట్లాండ్, వెల్ష్ లాంటి పొట్టి జాతి పోనీలకు ఈ విందు పడదు. ఇన్సులిన్ అదుపు తప్పుతుంది. 'లామినైటిస్' వస్తుంది. మన వేలికి గోరు ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందో, గుర్రం డెక్క లోపలి ఎముకకు పై పెంకు అలాగే అంటుకుని ఉంటుంది. ఆ పట్టు సడలడమే ఈ జబ్బు. మొత్తం శరీరం బరువు మోసేది ఆ పట్టే కదా! ముందు కాళ్ల మీద బరువు మోపలేక వెనక్కి వాలి నిలబడుతుంది. డెక్కలు వేడెక్కుతాయి. ముదిరితే ఎముక లోపలే కిందికి తిరిగిపోతుంది. అప్పుడు పశువైద్యుడి చేతిలో మిగిలేది ఒక్కోసారి ఆఖరి ఇంజెక్షనే.

'అందుకే రోజూ మూడు గంటలే వదులుతున్నాం' అంటారు కొందరు. పోనీలు అంతకన్నా తెలివైనవి. బ్రిటన్‌లో జరిగిన ఒక పరిశీలనలో, రోజుకు మూడే గంటలు వదిలిన పోనీలు ఆ కాస్త సమయంలోనే రోజు మొత్తం మేతలో దాదాపు 40 శాతం లాగించేశాయి! పెళ్లి భోజనానికి ముందు రోజు నుంచీ కడుపు మాడ్చుకునే మనిషి లెక్కే. గంటలు తగ్గించినంత మాత్రాన గడ్డి అదే లెక్కన తగ్గదన్నమాట.

జోరీగలూ, చారల కోట్లూ

వేళ కూడా ముఖ్యమే. ఎండ పడేకొద్దీ గడ్డిలో చక్కెర పెరుగుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకూ ఎక్కువ. రాత్రంతా మొక్క దాన్ని వాడుకుంటుంది కనుక తెల్లవారుజామున తక్కువ. (మంచు గడ్డకట్టే రాత్రులు దీనికి మినహాయింపు.) కనుక లావెక్కిన పోనీని తెల్లవారుజామున వదలడం మంచిది.

బాగానే ఉంది. కానీ నుసుముల్లాంటి చిన్న దోమలు కొన్ని సరిగ్గా తెల్లవారుజామునా, సందెవేళా విజృంభిస్తాయి. అవి కుడితే కొన్ని గుర్రాలకు 'స్వీట్ ఇచ్' అనే దురద పుడుతుంది. పేరులోనే తీపి! జూలూ తోకా చెట్లకేసి రుద్ది రుద్ది నెత్తురు కారేదాకా వదలవు. అలాంటి గుర్రాన్ని ఆ వేళల్లో లోపలే ఉంచాలి. పట్టపగలు వదులుదామంటే జోరీగలు సిద్ధం. గుర్రాలు జోడీలుగా ఒకదాని తల పక్క ఇంకోదాని తోక వచ్చేలా నిలబడి, ఒకదాని ముఖం మీది ఈగల్ని ఇంకోటి తోలుతుంటాయి. తోడు విలువ ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఈ జోరీగల మీద బ్రిస్టల్ దగ్గర ఒక లివరీలో తమాషా ప్రయోగం జరిగింది. మామూలు గుర్రాలకు జీబ్రా చారల కోట్లు తొడిగారు. జోరీగలు దగ్గరిదాకా వచ్చాయి గానీ, చారల మీద వాలలేకపోయాయి. కోటు లేని తల మీద మాత్రం ఎప్పటిలాగే వాలాయి! 2019లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

చాలామంది యార్డుల వాళ్లు పాటించే మధ్యేమార్గం ఒకటుంది. వేసవిలో రాత్రి బయట, పగటి ఎండలో శాలలో. ఎండా ఉండదు, జోరీగలూ ఉండవు. అయితే రాత్రి దెబ్బ తగిలితే తెల్లారేదాకా చూసే దిక్కుండదు. దురద గుర్రానికీ, లామినైటిస్ గుర్రానికీ, సన్నగా ఉండే రేసు జాతి గుర్రానికీ ఒకే టైంటేబుల్ పనికిరాదు. యార్డుకు మాత్రం ఒక్కటే గేటు, ఒక్కటే నోటీసు!

యజమాని గోడు... యార్డు గోడు

యార్డు నడిపేవాళ్లను మాత్రం పూర్తిగా తప్పుపట్టగలమా? ఒక్కో గుర్రానికి ఎకరం నుంచి ఎకరంన్నర పచ్చిక ఉండాలని బ్రిటిష్ హార్స్ సొసైటీ సూచన. ఇరవై గుర్రాలుంటే ఇరవై నుంచి ముప్ఫై ఎకరాలు. పట్టణాల చుట్టుపక్కల అంత భూమి ఎక్కడ దొరుకుతుంది? దొరికినా ధర మాటేమిటి? ఉన్న పది ఎకరాల్లో ఇరవై గుర్రాల్ని రోజంతా వదిలితే జూలైకల్లా మట్టి తేలుతుంది. గడ్డి కరువైనప్పుడు, మామూలుగా ముట్టని చేదు మొక్కల మీదికీ మూతి పోతుంది. పసుపు పూల రాగ్‌వర్ట్ అలాంటిదే. కాలేయాన్ని చల్లగా తినేస్తుంది. ఎండుగడ్డిలో కలిస్తే చేదు పోతుంది, విషం మిగులుతుంది.

దానికి తోడు వాతావరణం. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. బ్రిటన్ చరిత్రలో ఉష్ణోగ్రత నలభై దాటడం అదే మొదటిసారి. ఆ వేసవిలో పచ్చిక ఎండి గోధుమరంగుకి తిరిగింది. చలికాలానికి దాచిన ఎండుగడ్డిని ఆగస్టులోనే తీయాల్సి వచ్చింది. అలాంటి ఏడాదిని చూసిన యార్డు మనిషి గేటుకు తాళం వేస్తే, అది పిసినారితనమో ముందుచూపో చెప్పడం కష్టం.

చట్టం ఏమంటోంది? స్విట్జర్లాండ్ 2008 నాటి నిబంధనల్లో లెక్క కట్టి చెప్పింది- స్వారీకీ పనికీ వాడని గుర్రాన్ని రోజూ కనీసం రెండు గంటలు, వాడే గుర్రాన్ని వారానికి కనీసం రెండు రోజులు, రోజుకు రెండు గంటల చొప్పున బయట వదలాలి. స్వీడన్‌లో గుర్రానికి రోజూ స్వేచ్ఛగా కదిలే అవకాశం ఇవ్వాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2006 నాటి జంతు సంక్షేమ చట్టం గంటలు చెప్పదు. సహజ ప్రవర్తనకు వీలుండాలి, తగిన తిండి ఉండాలి, తోడు అవసరమైతే తోడుండాలి, బాధ నుంచి రక్షణ ఉండాలి... ఇలా అవసరాలు చెబుతుంది. ఇంగ్లండులో 2018లో వచ్చిన లైసెన్సు నిబంధనల్లోకి గుర్రాలను అద్దెకిచ్చే స్వారీ బడులు వచ్చాయి గానీ లివరీ యార్డులు రాలేదు. 2006 చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. గుర్రం ఎవరి దగ్గరున్నా, దాని మంచిచెడ్డలకు యజమాని ఎప్పుడూ బాధ్యుడే. 'యార్డు వాళ్లు వదల్లేదండీ' అంటే చెల్లదు.

మరి ఎన్ని గంటలు?

అసలు చిక్కు గంటల లెక్కలో లేదు. చక్కెర తక్కువ, తిరుగుడు ఎక్కువ ఎలా ఇవ్వాలన్నదే చిక్కు. దానికీ దారులున్నాయి. మూతికి చిల్లుల చిక్కం కడితే మేసే గడ్డి దాదాపు ఎనభై శాతం తగ్గుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. మందతో కలిసి తిరగడం మాత్రం తగ్గదు. కంచెను రోజూ కాస్త కాస్త జరుపుతూ కొత్త గడ్డిని కొలిచి ఇవ్వచ్చు. జైమీ జాక్సన్ అనే అమెరికన్ అడవి గుర్రాల నడకలు చూసి 2006లో ఒక పుస్తకం రాశాడు. మైదానం అంచు వెంబడి బాటలా కంచె వేసి, నీళ్లు ఒక చోట, ఎండుగడ్డి ఇంకో చోట పెట్టమంటాడు. గుర్రం తిరుగుతూనే ఉంటుంది, మధ్యలో పచ్చిక మిగిలే ఉంటుంది. చోటు లేని యార్డులో గడ్డి లేని ఇసుక ఆవరణ అయినా చాలు. అందులో నానబెట్టి చక్కెర తగ్గించిన ఎండుగడ్డీ, పక్కన ఇంకో గుర్రమూ ఉంటే శాలకన్నా వెయ్యి రెట్లు నయం.

అంతకన్నా ముందు చేయాల్సింది- గుర్రాన్ని చేర్చే రోజే అడగడం. వేసవిలో ఎంతసేపు వదులుతారు? పగలా, రాత్రా? ఒంటరిగానా, మందతోనా? గడ్డి అయిపోతే ఎండుగడ్డి ఎవరు కొంటారు? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు కాగితం మీద ఉంటే, జూన్ నెలలో గేటు దగ్గర గొడవ ఉండదు. ఫీజుల గురించి అరగంట మాట్లాడేవాళ్లు పచ్చిక గురించి అడగడం మరిచిపోతుంటారు!

'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అని మన సామెత. పెంచేవాడి ఖర్చు గురించి చెప్పిన మాట అది. గుర్రానికి నోరుంటే ఇంకో ముక్క కలిపేదేమో... దాణా సరే, కాస్త తలుపు తీస్తారా అని!