ఉస్తాద్‌కూ తర్బియత్ కావాలి

మహల్లాలో ఎవరి బేటీకైనా మెడికల్ పీజీ సీటొస్తే మిఠాయి తింటాం. ర్యాంకెంత, ఫీజెంత, ఏ కాలేజీ అని అడుగుతాం. ఆమెకు పని నేర్పే ఉస్తాద్‌కి నేర్పడం వచ్చా అని మాత్రం అడగం. అసలు అడగాల్సిన సవాల్ అదే.

ఆపరేషన్ చేయడం ఒక హునర్. దాన్ని షాగిర్ద్ చేతికి అందించడం ఇంకో హునర్. ఉర్దూలో తాలీమ్, తర్బియత్ అని రెండు లఫ్జ్‌లున్నాయి. పాఠం చెప్పడం తాలీమ్. పక్కన నిలబడి చేయించడం, ఎప్పుడు వదలాలో తెలిసి వదలడం తర్బియత్. జూనియర్ డాక్టర్‌కు ఎక్కువగా కావాల్సింది ఈ రెండోదే.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసింది ట్రెయినింగ్‌లో ఉన్న జూనియర్లు. పెద్ద డాక్టర్ సలహా ఫోన్లోనే. జర్నలిస్టయిన ఆమె తండ్రి ఊరుకోలేదు. 1989లో ఆ రాష్ట్రం జూనియర్ల డ్యూటీని వారానికి 80 గంటలకు కట్టడి చేసింది. లోకానికి ఆ 80 గంటలే యాదున్నాయి. సీనియర్ల నిగరానీ పెరగాలన్నదీ ఆ మార్పుల్లో భాగమే.

మన దేశంలోనూ మెడికల్ కాలేజీ టీచర్లకు బోధన మీద బేసిక్ కోర్సు ఉంది. ప్రమోషన్‌కి ఆ సర్టిఫికెట్ అడుగుతారు. మంచిదే. కానీ ఆ కాగజ్ ఫైల్లో ఉంటే సరిపోదు, రాత్రి రెండింటికి వార్డులో కనపడాలి. మరీజ్ ముందు జూనియర్‌ని జలీల్ చేయకుండా, పక్కకు పిలిచి ఏది ఎందుకు తప్పో చెప్పగలగాలి. ఏ హాలత్‌లో తనని నిద్ర లేపాలో డ్యూటీ మొదట్లోనే చెప్పాలి. లేపితే విసుక్కోకూడదు. ఒక్కసారి విసుక్కుంటే చాలు, ఆ పిల్ల మళ్లీ ఫోన్ చేయడానికి జంకుతుంది. ఆ ఖౌఫ్‌కి కీమత్ చెల్లించేది బెడ్ మీదున్న మన అమ్మీ.

‘మేమూ తిట్లు తినే నేర్చుకున్నాం’ అంటారు పెద్ద డాక్టర్లు. నిజమే. ఆ తిట్లకు భయపడి ఎందరు అడగడం మానేశారో, దానివల్ల ఎందరు మరీజ్‌లకు నుక్సాన్ జరిగిందో ఎవరు లెక్కేశారు?

బోఝ్ అంతా సీనియర్ల మీదే వేయడం కూడా ఇన్సాఫ్ అనిపించుకోదు. ఓపీలో క్యూ గేటు దాకా ఉంటే నేర్పడానికి ఫుర్సత్ ఎక్కడ? నేర్పే సమయాన్ని కూడా డ్యూటీగా లెక్కేయాల్సింది సర్కారు.

మనమూ చేయగలిగింది ఒకటుంది. ఆస్పత్రిలో గుస్సా వస్తే మన గొంతు లేచేది ఎదురుగా ఉన్న ఆ చిన్న డాక్టర్ మీదే. అరవడం ఆపి అదబ్‌గా అడుగుదాం: ‘పెద్ద సార్‌కి ఫోన్ చేశావా బేటా?’ మన మాట సాకుతోనైనా ఆ పిల్ల ఫోన్ చేస్తుంది.