కంపెనీ క్వార్టర్ నుంచి సొంత ఫ్లాట్‌కి: మేనేజర్ ఎవరి మనిషి?

భిలాయ్ టౌన్‌షిప్‌లో పైకప్పు కారితే ఏం చేయాలో మూడు తరాల వాళ్లకు తెలుసు. స్టీల్ ప్లాంటు నగర సేవల విభాగంలో ఫిర్యాదు రాయించాలి. రెండు మూడు సార్లు వెళ్లి అడగాలి. లోపల తెలిసినవాళ్లుంటే ఒక మాట చెప్పించుకోవాలి. పని ఆలస్యం కావచ్చు, కాకపోనూ వచ్చు. కానీ అది ఎవరు చేయాల్సిన పని అన్న అనుమానం మాత్రం ఎవరికీ ఉండేది కాదు.

అదే ఉద్యోగి రిటైరయ్యాక గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బుతో జున్వానీలోనో, రాయ్‌పూర్‌లోనో, విశాఖ మధురవాడలోనో ఫ్లాట్ కొంటాడు. అక్కడా పైకప్పు కారుతుంది. ఈసారి ఎవరిని అడగాలి? మేనేజర్‌ని అడిగితే కమిటీ ఒప్పుకోవాలంటాడు. సెక్రటరీని అడిగితే మేనేజర్ ఎస్టిమేట్ తేలేదంటాడు. ఇద్దరూ కలిసి బిల్డర్ వైపు వేలు చూపిస్తారు. బిల్డర్ ఫోన్ ఎత్తడు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టే యజమానికి మాత్రం తన ఇంట్లో తానే ఫిర్యాదుదారు అయిపోయానన్న సంగతి మెల్లగా అర్థమవుతుంది.

ఇది ఒక్క భిలాయ్ సమస్య కాదు. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో అసోసియేషన్ మీటింగుకు వెళ్లిన ప్రతివారికీ తెలిసిందే. అయితే భిలాయ్ నుంచి చూస్తే దీని మూలం స్పష్టంగా కనిపిస్తుంది.

ఒకే యజమాని ఉన్న ఊరు

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ప్లాంటు పుట్టింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ప్లాంటుతో పాటే సెక్టార్లుగా ఊరూ లేచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన వేలాది తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఇల్లు, నీళ్లు, కరెంటు, రోడ్డు, బడి, సెక్టార్ 9 ఆసుపత్రి అన్నీ కంపెనీవే. అద్దె జీతంలో కోతపడేది. ఇంటి నిర్వహణకు ఏ నివాసీ ఓటు వేయలేదు, లెక్క అడగలేదు, సంతకం పెట్టలేదు.

ఆ ఏర్పాటులో సుఖముంది. దాంతో పాటు ఒక అలవాటూ వచ్చింది. ఇల్లు వాడుకోవడం మన పని, చూసుకోవడం పైవాళ్ల పని. 2000ల మొదట్లో సెయిల్ కొన్ని క్వార్టర్లను దీర్ఘకాలిక లీజుకిచ్చింది. తర్వాత ఊరి చుట్టూ ప్రైవేటు అపార్టుమెంట్లు, హౌసింగ్ బోర్డు కాలనీలు పెరిగాయి. ఇళ్లు చేతులు మారాయి గానీ అలవాటు మారలేదు. కొత్త ఫ్లాట్లలోకి వెళ్లినవాళ్లు మేనేజర్‌లో పాత నగర సేవల విభాగాన్ని వెతుక్కుంటున్నారు. కమిటీకి ఎన్నికైనవాళ్లు అతనిలో తమ కింద పనిచేసే ఉద్యోగిని చూస్తున్నారు. నిజానికి అతను ఈ రెండూ కాదు.

చట్టం తలుపు దాకా తెచ్చి వదిలేస్తుంది

2016 నాటి రెరా చట్టం ఈ సంబంధానికి ముందు జరగాల్సిన వాటి గురించి చాలానే చెప్పింది. స్థానిక చట్టం వేరే గడువు పెట్టకపోతే, సగానికి పైగా ఇళ్లు బుక్కయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పడేలా బిల్డర్ చూడాలి. అసోసియేషన్ బాధ్యత తీసుకునేదాకా నిత్యావసర సేవలు అతనే నడపాలి. ప్లాన్లు, పత్రాలు అప్పగించాలి. అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే తన ఖర్చుతో సరిచేయాలి.

అప్పగింత తర్వాత ఈ చట్టం చెప్పేది తక్కువ. మేనేజర్‌కి ఏ అర్హత ఉండాలి, కమిటీకీ అతనికీ మధ్య ఒప్పందంలో ఏముండాలి, లెక్కలు ఎవరు చూడాలి అన్నవి అసోసియేషన్ సొంత నియమావళికే వదిలేసింది. తెలుగు రాష్ట్రాల్లో 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం ఉన్నా, రోజువారీ నిర్వహణలో ఎవరి హద్దు ఎక్కడన్నది అక్కడా నియమావళి మీదే ఆధారపడుతుంది. ఆ నియమావళి చాలాచోట్ల మరో అపార్టుమెంట్ నుంచి కాపీ కొట్టిందే. అమెరికాలోని ఫ్లోరిడాలో పదికి మించి ఇళ్లున్న సముదాయాన్ని జీతానికి నిర్వహించేవారికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. మన దగ్గర మేనేజర్‌కి అలాంటి లైసెన్సు ఏదీ లేదు.

పైగా చాలాచోట్ల మొదటి మేనేజర్ బిల్డర్ పెట్టిన ఏజెన్సీ మనిషే. ఫ్లాట్ అమ్మేటప్పుడే వసూలు చేసిన మెయింటెనెన్స్ అడ్వాన్సు నుంచే అతనికి జీతం వెళుతుంది. అప్పగింత రోజున లిఫ్టు, జనరేటర్, ఎస్టీపీ సరిగా ఉన్నాయని చెప్పాల్సింది అతనే. తనను పెట్టిన బిల్డర్ మీద అతను ఎలా ఫిర్యాదు రాస్తాడు? అందుకే అప్పగింతకు ముందు బయటి ఇంజినీరు చేత తనిఖీ చేయించడం కమిటీ మొదటి పని కావాలి.

లైసెన్సు ఉన్నా చాలదు

అయితే లైసెన్సు ఒక్కటే ఇల్లు నిలబెట్టదు. అదే ఫ్లోరిడాలో 2021 జూన్ 24న సర్ఫ్‌సైడ్ పట్టణంలోని చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. నిర్మాణం తీవ్రంగా దెబ్బతిన్నదని 2018లోనే ఒక ఇంజినీరింగ్ సంస్థ నివేదిక ఇచ్చింది. మరమ్మతుల ఖర్చు చివరికి కోటిన్నర డాలర్ల దాకా పెరిగింది. అంత డబ్బు నిధిలో లేదు. యజమానుల మధ్య, బోర్డులో వాదనలు సాగాయి. 2019లో బోర్డు సభ్యుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. కూలిపోవడానికి సాంకేతిక కారణాలు వేరుగా ఉండొచ్చు. నివేదికకూ మరమ్మతుకూ మధ్య గడిచిన ఆ మూడేళ్లు మాత్రం ప్రతి కమిటీ గుర్తుంచుకోవాల్సినవి. పాత భవనాలకు తప్పనిసరి తనిఖీ, మరమ్మతు నిధి ఉండాలని 2022లో ఫ్లోరిడా చట్టం చేసింది.

మన అసోసియేషన్లలో ఎన్నికలు గెలిపించే హామీ ఒకటే: మెయింటెనెన్స్ పెంచం. ఆ హామీ నిలబెట్టుకోవడానికి మొదట ఆగేది కార్పస్ నిధికి వేసే మొత్తం, తర్వాత నీళ్ల ట్యాంకు వాటర్‌ప్రూఫింగ్, ఆ తర్వాత గార్డుల జీతం. మేనేజర్‌కి ఇది తెలుసు. చెబితే ఉద్యోగం పోతుందనీ తెలుసు. కనుక చెప్పడు.

గేటు దగ్గరి మనిషి

కాంట్రాక్టు కార్మికుల ప్రశ్న భిలాయ్‌కి కొత్త కాదు. వాళ్ల హక్కుల కోసం పోరాడిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబర్ 28న ఈ ఊళ్లోనే కాల్చి చంపారు. అసలు యజమాని ఎవరు, కాంట్రాక్టరు ఎగ్గొడితే జవాబు చెప్పేదెవరు అని అప్పుడు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర అడిగిన ప్రశ్న ఇప్పుడు అపార్టుమెంటు గేటు దగ్గరకొచ్చింది. ఏజెన్సీకి తక్కువ రేటు ఒప్పుకున్న కమిటీ, గార్డుకి ఎంత ముడుతోందో అడగదు. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం యజమాని జీతం చెల్లించకపోతే ఆ బాధ్యత సంస్థ సొంతదారుపై పడుతుంది. ఆ జాబితాలో అసోసియేషన్ అన్న మాట కూడా ఉంది.

ఇంకో ప్రమాదం సెప్టిక్ ట్యాంకు. రక్షణ లేకుండా అందులోకి మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడొచ్చు. దింపేది మేనేజరే కావచ్చు. తక్కువ కొటేషన్‌కి సంతకం పెట్టిన కమిటీ ‘మాకు తెలియదు’ అనలేదు. 2014లో ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోవడం చూసిన ఊరికి కంటికి కనిపించని గ్యాస్ ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

ప్లాంటులో నేర్చుకున్నదే

విచిత్రమేమంటే పరిష్కారం ఈ రిటైర్డు ఉద్యోగులకు బాగా తెలిసిందే. ప్లాంటులో సరుకు కావాలని రాసేది ఒకరు, ఆర్డరిచ్చేది ఒకరు, వచ్చిన సరుకు చూసేది మరొకరు, డబ్బు చెల్లించేది ఇంకొకరు. అపార్టుమెంటుకి వచ్చేసరికి ఈ నాలుగు పనులూ మేనేజర్‌కో, సెక్రటరీకో అప్పగించి, ఆ తర్వాత అనుమానపడతాం.

చేయాల్సింది పెద్ద విషయమేమీ కాదు. విధానం, బడ్జెట్ కమిటీవి, అమలు మేనేజర్‌ది, తనిఖీ జనరల్ బాడీది అని ఒప్పందంలో రాసుకోవాలి. మేనేజర్ తనంతట తాను ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో అంకె వేయాలి. అతనికి ఆదేశాలు ఒక్కరి నుంచే, రాతలోనే వెళ్లాలి. ఏడుగురు సభ్యులు ఏడు ఫోన్లు చేయకూడదు. భద్రతకు సంబంధించిన ప్రతి విషయం అతను నెలనెలా లిఖితపూర్వకంగా చెప్పాలి, కమిటీ దాన్ని అందరికీ పంపాలి. అలా చెప్పినందుకు అతన్ని తీసేసే అధికారం సెక్రటరీ ఒక్కడికే ఉండకూడదు. జీతాలు, పీఎఫ్ కట్టిన రసీదులు చూశాకే ఏజెన్సీ బిల్లు పాస్ చేయాలి.

కమిటీకి ఇష్టం లేని మాట చెప్పగలిగే మేనేజర్, ఆ మాట విన్నాక ఓట్లు పోయినా మెయింటెనెన్స్ పెంచగలిగే కమిటీ ఉన్నచోటే భవనం నిలుస్తుంది. కంపెనీ క్వార్టర్‌లో ఆ భారం కంపెనీ మోసింది. సొంత ఇంటికి తాళంచెవితో పాటే ఆ భారమూ మన చేతికొచ్చింది.