మనలో మాట: వార్డుకు స్వతంత్రంగా నిలబడేవారితో

ఈమధ్య మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. తమిళనాడులో ఒక పట్టణాన మూడు తరాలుగా కాపురముంటున్న కుటుంబపు ఇల్లాలు రాశారు. తమ వీధి మురుగు కాలువ కోసం అర్జీల మీద అర్జీలు పెట్టి విసిగిపోయి, ఈసారి పురపాలక ఎన్నికలలో ఏ పార్టీ అండా లేకుండా తామే కౌన్సిలరు పదవికి నిలబడదలచారట. వారు అడిగినది ఒక్కటే. మన సంఘం తమను తెలుగువారి అభ్యర్థిగా ప్రకటించి మనవాళ్ళ వోట్లు వేయించగలదా అని.

ఆమె సంకల్పం మాకు ఎంతో నచ్చింది. ఆ కోరిక మాత్రం సంఘం తీర్చదగినది కాదు. ఎందుకో చెప్పేముందు, నిలబడదలచిన వారందరికీ పనికివచ్చే సంగతులు కొన్ని మనవి చేస్తాము.

వార్డు పదవి కదా అని ఎవరూ చులకన చేయరాదు. చెన్నై నగరంలో 2011లో ఎన్నికైన కౌన్సిలు గడువు 2016లో తీరిపోగా, మళ్ళీ ఎన్నికలు 2022 ఫిబ్రవరి 19న గాని జరుగలేదు. ఐదేండ్లకు పైగా అధికారులే నగరాన్ని నడిపారు. కుళాయి రాకపోతే చెప్పుకోవడానికి మన వీధి మనిషి అంటూ సభలో ఒక్కరూ లేరు. యానాం సోదరులకు ఈ కొరత మరీ బాగా తెలుసు. పుదుచ్చేరి ప్రాంతాలలో 1968 తర్వాత స్థానిక ఎన్నికలు మళ్ళీ 2006లో గాని రాలేదు. ఆ సభల గడువు 2011లో తీరింది. 2021లో ఎన్నికల ప్రకటన వెలువడి కూడ ఆగిపోయింది. వోటు వేసే అవకాశమే అరుదైన చోట నిలబడతామనే మనిషి దొరకడం ఊరికి అదృష్టమే.

ఇక పద్ధతి. రాజ్యాంగం 74వ సవరణ 1993లో అమలులోకి వచ్చిన నాటినుండి ఇరువదియొక్క ఏండ్లు నిండినవారు పురపాలక సభకు నిలబడవచ్చు. మన ఇండ్లలో చదువు ముగించిన పిల్లలు ఈ సంగతి గమనించాలి. తమిళనాడులో స్థానిక సభల స్థానాలలో సగం స్త్రీలవి. అయితే ఏ వార్డు ఎవరికి ప్రత్యేకించారో ముందుగా చూచుకోవాలి. ఏండ్ల తరబడి పనిచేసిన వార్డు తీరా సమయానికి మనకు అందకుండా పోవచ్చు. వోటర్ల జాబితాలో పేరు సరిగా వున్నదో లేదో, ఇంటి నెంబరు తప్పు పడినదేమో ఇప్పుడే చూచుకొనడం మేలు. ప్రతిపాదించేవారు ఆ వార్డు వోటరై వుండాలి. 2022లో ధరావతు కార్పొరేషను వార్డుకు 4,000 రూపాయలు, మునిసిపాలిటీకి 2,000, పట్టణ పంచాయతీకి 1,000. షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి అందులో సగం. పెట్టే ఖర్చుకు హద్దు వుంటుంది, తర్వాత లెక్క ఒప్పజెప్పాలి. కనుక మొదటి రోజునుండే ఒక నోటుబుక్కు పెట్టి టీ ఖర్చు సైతం రాసుకోవాలి.

స్వతంత్రులకు అసలు చిక్కు గుర్తు దగ్గర వస్తుంది. పార్టీ గుర్తు పసిపిల్లలకు కూడ తెలుసు. స్వతంత్రుని గుర్తు ఉపసంహరణ గడువు ముగిసే దాకా అతనికే తెలియదు. 2022లో ఆ గడువు ఫిబ్రవరి 7, వోటింగు 19. గుర్తు చేతికి వచ్చాక నడుమ వున్నవి పట్టుమని పన్నెండు రోజులైనా కావు. అంత కొద్ది రోజులలో గుర్తును ఇంటింటికి తెలుపవచ్చు గాని, కొత్త మనిషి మీద నమ్మకం పుట్టించడం కల్ల. ఆ నమ్మకం అంతకు ముందే వీధిలో సంపాదించుకొని వుండాలి. ఆ ఎన్నికలలో చెన్నైలోని 200 వార్డులలో స్వతంత్రులు గెలిచినవి ఐదు. ఈ అంకె చూచి బెదరనక్కరలేదు. ధరావతు కట్టేముందు ఇంటిలోవారందరూ కూర్చుని ఒకసారి తలచుకొంటే చాలు. నగలు కుదువపెట్టి నిలబడవలసిన పదవి కాదిది.

ఇప్పుడు సంఘం మాట. శాసనసభ, పార్లమెంటు ఎన్నికలకు సంబంధించిన 1951నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం మతం, జాతి, కులం, వర్గం, భాష పేరిట వోటు అడగడం అక్రమం. అభ్యర్థి భాషే గాక వోటరు భాషను చూపి అడిగినా అంతేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అధిక సంఖ్యాకుల అభిప్రాయంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు చట్టసభల ఎన్నికల విషయంలో వచ్చినదైనా, ధర్మం వార్డుకు వేరు కాదు.

చట్టం అటుంచి లోకజ్ఞానం చూచినా అంతే. మురుగు కాలువ ఒక్క తెలుగు ఇంటి ముందే పారదు. పక్కింటి తమిళులు, ఎదురింటి ఉర్దూవారు, వెనుక సందులోని కన్నడిగులు అదే దుర్గంధం భరిస్తున్నారు. మనవాళ్ళ అభ్యర్థి అని మనం చాటిన మరునిమిషం, తాత ముత్తాతల నుండి ఇరుగుపొరుగుగా వున్నవారు ఆమెను పరాయిదానిగా చూస్తారు. రేపు అదే వార్డులో మరో తెలుగు అభ్యర్థి నిలబడితే సంఘం ఎవరి పక్షం? ఉగాదికి ఒక పంక్తిలో కూర్చునేవారు రెండు గుంపులవుతారు. సంఘం చీలడానికి ఒక్క వార్డు చాలు.

చెన్నపట్నంలో మనకు మంచి ఒరవడి వున్నది. తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు దశాబ్దాలపాటు కార్పొరేషనులో పనిచేసి దాని అధ్యక్షులయ్యారు. వారు స్వతంత్రులు కారు, జస్టిస్ పార్టీ నాయకులు. ఐనా ఈ సంగతి అందరూ గుర్తుంచుకోదగినది. వారి హయాంలో, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషను బడిలో పేదపిల్లలకు ఆహారం పెట్టించారు. పిల్లవానికి రోజుకు అణాకు మించని ఖర్చు. విస్తరి ముందు కూర్చున్న బిడ్డను నీ ఇంటి భాష ఏదని ఎవరూ అడిగి వుండరు.

సంఘ సభ్యులు విడివిడిగా, వార్డు పౌరులుగా ఏమైనా చేయవచ్చు. వెంట తిరగవచ్చు, లెక్కలు రాసిపెట్టవచ్చు, ఏజెంటుగా కూర్చోవచ్చు. సంఘం పేరు, నిధి, ఈ పత్రిక మాత్రం ఏ అభ్యర్థికీ వాడుకకు ఇవ్వకూడదు. సంఘపు హాలు ఇస్తే అందరికీ ఒకే అద్దెకు ఇవ్వాలి.

గెలిచిన తర్వాతనే స్వతంత్రునికి గట్టి పరీక్ష. 2022లో తమిళనాట మేయర్లను, చైర్మన్లను ఎన్నుకొన్నది కౌన్సిలర్లే. ఇరుపక్షాలు సరిసమానమైతే ఆ ఒక్క వోటు కోసం పెద్దవారే ఇంటికి వస్తారు. వారికి ఏమి చెప్పదలచారో వోటర్లకు ముందే చెప్పి నిలబడడం మర్యాద. సభలో ఒంటరివారికి తీర్మానం నెగ్గించుకొనడం కష్టం. కాని ప్రశ్న అడగడానికి, బడ్జెటు చదవడానికి, పని జరిగినదో లేదో వీధిలో నిలబడి చూడడానికి ఎవరి మద్దతూ అక్కరలేదు.

ఓడినా కాలువ అక్కడే వుంటుంది. రాజ్యాంగం 243ఎస్ అధికరణం మూడు లక్షలు, ఆపైన జనమున్న పట్టణాలకు వార్డు కమిటీలు వుండాలంటున్నది. తమిళనాడులో 2022 నవంబరు 1నుండి ఏరియా సభలు జరిపించారు. అటువంటి సభ పెట్టినప్పుడు వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. ఓడిన మరుసటి వారం మళ్ళీ అదే అర్జీ పట్టుకొని వెళ్ళిన మనిషిని వార్డు మరచిపోదు.