అలీపూర్‌ని మరచిపోకండి

సంపాదకులకు,

మాజీ కేంద్ర హోంమంత్రి ఇంద్రజిత్ గుప్తా గురించి గతవారం మీరు వేసిన వ్యాసం మిడ్నాపూర్ దగ్గరే మొదలై అక్కడే ముగిసింది. మా ఏక్‌బాల్‌పూర్ వైపు నుంచి చూస్తే అది సగం కథే. ఆయన 1960 ఉప ఎన్నికలో లోక్‌సభకు వెళ్లింది కలకత్తా నైరుతి స్థానం నుంచి. 1962లోనూ గెలిచారు. 1967, 1971ల్లో మా పక్కనున్న అలీపూర్ గెలిపించింది. బసీర్‌హాట్, మిడ్నాపూర్ ఆ తర్వాతి మాట. మొత్తం పదకొండు గెలుపుల్లో మొదటి నాలుగూ ఈ నగరానివే!

1977 నాటికి అలీపూర్ పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. అయినా ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, టీ గ్లాసు బల్లమీద పెట్టి, ఇప్పటికీ గుప్తాని "మా ఎంపీ" అనే అంటారు. గుప్తా హోంమంత్రి అయ్యారని మీరు రాశారు, సంతోషం. మొదట ఓటేసినవాళ్ల ఊసు కూడా రాయండి.

— ఒక పాఠకుడు, ఏక్‌బాల్‌పూర్, కోల్‌కతా